ఇరవై రెండో కార్డు మీది మడత

తాతాజీ అనగానే ఏ ఎనభయ్యేళ్ళ పెద్దాయనో అనుకునేరు. మనిషికి నిరుడే నలభై నిండాయి. తాతగారి పేరు పెట్టారు, మామగారి పేరు నోటితో పలకడానికి వాళ్ళమ్మకి ఇబ్బందైంది, అందుకని తాతాజీ అంది, అదే ఖాయమైపోయింది. పాలకొల్లులో రైల్వే స్టేషనుకి వెళ్ళే రోడ్డులో జిరాక్సు, లామినేషను, పెన్నులూ పుస్తకాలూ అమ్మే చిన్న కొట్టు అతనిది. కొట్టు వెనకే ఇల్లు. రెంటికీ మధ్య ఒక పూల కర్టెన్, దాని వెనక మంచం మీద వాళ్ళమ్మ పాపాయమ్మ. ఆవిడకి డెబ్భై దాటాయి, చెవులు సరిగా వినపడవు. అయినా సరే, కొట్టుకి ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో ఆవిడకి చెప్పి తీరాలి.

ఊళ్ళో వాళ్ళకి అతను జిరాక్సు తాతాజీ. పై ఊళ్ళ వాళ్ళకి మాత్రం కార్డుల తాతాజీ. తొంభైల్లో బబుల్‌గమ్ పాకెట్లో పెట్టి ఇచ్చేవారు చూడండి, ముందు క్రికెట్ ఆటగాడి బొమ్మ, వెనక అతని పరుగులూ వికెట్లూ, ఆ కార్డులు. మనం గోడకేసి కొట్టి, చెప్పుల కింద తొక్కి, వానలో తడిపి పారేసిన ఆ అట్టముక్కల్ని ఇప్పుడు బెంగుళూరులో, హైదరాబాదులో వేలు పోసి కొనే పిచ్చివాళ్ళున్నారు. పిచ్చివాళ్ళని నేనంటున్నాను, తాతాజీ ముందు అనకండి, ఊరుకోడు.

వాళ్ళంతా కొనే ముందు కార్డుని తాతాజీకి కొరియర్లో పంపిస్తారు. అతను సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, తడి పూర్తిగా ఆరేదాకా ఆగి, కార్డుని అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని, కంసాలి వాడే భూతద్దం కంటికి పెట్టుకుంటాడు. నాలుగు మూలలూ వాడిగా ఉన్నాయా, మొద్దుబారాయా? అంచుల్లో రంగు లేచిపోయి తెల్ల అట్ట బయటపడిందా? బొమ్మ చుట్టూ వదిలిన ఖాళీ నాలుగు వైపులా సమానంగా ఉందా, ఒక పక్కకి జరిగిందా? బబుల్‌గమ్ మీది పొడి అంటుకుని మరకైందా? ఇవన్నీ అయ్యాక ఆఖరున కార్డుని ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టి మడత కోసం వెతుకుతాడు. మడత కనపడిందా, ఇక అంతే సంగతులు. అదే బొమ్మ, అదే నెంబరు, నలక్కుండా ఉంటే పదిహేను వేలు పలికేది ఒక్క మడతతో ఐదొందలకి దిగిపోతుంది.

ఒకసారి రాజమండ్రి నుంచి లెక్చరరు ఒకాయన తానే స్వయంగా కార్డు పట్టుకుని వచ్చాడు. మడత ఉంటే, దాన్ని తడిపి, పుస్తకాల కింద నెల రోజులు నొక్కిపెట్టి, చదును చేసి తెచ్చాడు. తాతాజీ అర నిమిషంలో పట్టేశాడు.

"కనపడ్డం లేదు కదండీ, రాయకపోతే ఏం పోయింది?" అన్నాడాయన.

"కనపడకపోతే లేనట్టేంటండి? లోపల పీచు తెగిపోయింది. అది మళ్ళీ అతుక్కోదు" అని కార్డు వెనక్కి ఇచ్చేశాడు. పైసా తీసుకోలేదు. తాతాజీ బాగుందన్నాడంటే ఇక రెండో మాట ఉండదని ఆ రంగంలో అందరికీ నమ్మకం. అంత నిక్కచ్చి మనిషి.

అంత నిక్కచ్చి మనిషికి రెండు తిక్కలున్నాయి. ఒకటి, వాళ్ళమ్మ. పాపాయమ్మ రెండుసార్లు వరసగా దగ్గిందంటే చాలు, జిరాక్సు మిషన్ నడుస్తుండగానే వదిలేసి లోపలికి పరిగెడతాడు. నిరుడు మామూలు జలుబుకి ఉన్నపళంగా కారు మాట్లాడి భీమవరం ఆసుపత్రికి తీసుకుపోయాడు. "మీ అమ్మగారికి ఏమీ లేదండి, బీపీ చూడాల్సింది మీకు" అని డాక్టరుగారు నవ్వారు. తాతాజీకి నవ్వు రాలేదు. కొట్టుకొచ్చే కాలేజీ పిల్లలు కాపీల లెక్క దగ్గర "అమ్మతోడు అండి, ఇరవయ్యే" అంటే ఉలిక్కిపడతాడు. "ఒట్లెందుకమ్మా, ఊరికే చెప్పొచ్చు కదా" అని కసురుకుంటాడు. వాళ్ళు బయటికెళ్ళి నవ్వుకుంటారు.

రెండోది, బీరువాలో ఒక కార్డు. ఇరవై రెండో నెంబరు. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, వాళ్ళమ్మ పట్టుచీరల అడుగున ఉంటుంది. మూలలు ఇప్పుడే కోసినట్టుంటాయి, మచ్చ లేదు, మడత లేదు. దాని కోసం బెంగుళూరు ఆయన ఒకడు మూడేళ్ళుగా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. "అడిగినంత ఇస్తానంటున్నాడు కదండీ, అమ్మెయ్యకూడదా?" అంది భార్య హేమశ్రీ ఒకసారి. "అది నాది కాదు" అని నోరు జారాడు తాతాజీ. "మరి ఎవరిదండి?" అంటే వెళ్ళి నీళ్ళ మోటారు వేశాడు.

ఎవరిదో మనం చెప్పుకుందాం.

తాతాజీ వాళ్ళది అసలు రాజోలు అవతల కొబ్బరితోటల్లో ఊరు. పక్కింట్లో బుల్లబ్బాయి. ఇద్దరూ ఆరో తరగతి, ఒకటే బెంచీ. తొంభై ఆరులో ఆ ఊరి పిల్లలందరికీ కార్డుల పిచ్చి పట్టింది. మొత్తం యాభై కార్డుల్లో ఇరవై రెండో నెంబరు ఎవరికీ రాలేదు. వచ్చి వచ్చి ఒకే వారంలో ఇద్దరికీ వచ్చింది. తాతాజీ తనది నిక్కరు వెనక జేబులో పెట్టుకుని, ఆ సంగతి మరిచిపోయి బెంచీ మీద కూర్చున్నాడు. పై కుడి మూల మీదుగా ఏటవాలుగా మడత పడింది. బుల్లబ్బాయి తనది సోషల్ పుస్తకం మధ్యలో పెట్టాడు. రోజుకోసారి తెరిచి చూపించేవాడు గానీ ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "చెయ్యి చెమట అంటుకుంటే పాడైపోద్దిరా" అనేవాడు. ఇవాళ తాతాజీ పెద్ద పెద్దవాళ్ళకి చెప్పే మాట పదకొండేళ్ళ బుల్లబ్బాయి ఆనాడే చెప్పాడు.

మిల్లు వాళ్ళబ్బాయి గణేష్‌బాబుకి అసలు సిసలు క్రికెట్ బ్యాటు ఉండేది. "ఇరవై రెండు నాకిస్తే బ్యాటు ఇచ్చేస్తా. మడత మాత్రం ఉండకూడదు" అన్నాడు. మంగళవారం ఇంటర్వెల్లో ఇచ్చిపుచ్చుకోవాలని మాటైంది. సోమవారం సాయంత్రం బుల్లబ్బాయి సంచీ తాతాజీకి అప్పగించి పంపు దగ్గర నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. తాతాజీ సోషల్ పుస్తకం తెరిచాడు, కొత్తది తీసుకున్నాడు, మడతది పెట్టాడు. ఎందుకంటే కుళ్ళు. వేరే కారణమేమీ లేదు.

మంగళవారం అందరి ముందూ పుస్తకం తెరిస్తే మడత కార్డు బయటపడింది. "మోసం చేద్దామనుకున్నావురా" అని గణేష్‌బాబు అరిచాడు. మిగతావాళ్ళు దొంగ దొంగ అని చుట్టూ మూగారు. "అమ్మతోడు, నేను మడవలేదు" అన్నాడు బుల్లబ్బాయి. అని తాతాజీ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా, మొన్న చూశావు కదా, మడత లేదు కదా?"

తాతాజీ అందరి మొహాలూ చూశాడు. "అమ్మతోడు, నేను సరిగా చూళ్ళేదు" అన్నాడు.

అమ్మ మీద అబద్ధపు ఒట్టు వేస్తే అమ్మ పోతుందని ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. తాతాజీ ఆ సాయంత్రం ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పాపాయమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, బాగానే ఉంది.

బుధవారం రాత్రి తుఫాను వచ్చింది. పెద్ద తుఫాను, ఆ ప్రాంతం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. బుల్లబ్బాయి ఆ రోజు ఇంట్లో లేడు. కాలవ అవతల ఊళ్ళో పెద్దమ్మగారింటికి వెళ్ళాడు. అది తాటాకిల్లు, మట్టి గోడ. తెల్లారాక గోడ కింద నుంచి వాడి శవాన్ని తీశారు. బుల్లబ్బాయి వాళ్ళది మాత్రం డాబా ఇల్లు, దానికి పెచ్చు కూడా ఊడలేదు. ఆ రోజు అక్కడికి ఎందుకు వెళ్ళాడో తాతాజీకి తెలియలేదు, అడిగే ధైర్యమూ లేకపోయింది. తోట మొత్తం నేలకొరగడంతో తాతాజీ వాళ్ళు మరుసటి వేసవిలోనే పాలకొల్లు వచ్చేశారు.

ఇరవై ఎనిమిదేళ్ళు. అన్నేళ్ళూ బుల్లబ్బాయి తాతాజీని వదల్లేదు. భూతద్దం కంటికి పెట్టుకున్నప్పుడల్లా కుర్చీ వెనక ఎవరో వంగి చూస్తున్నట్టుంటుంది. మెడ మీద ఊపిరి తగులుతుంది, బబుల్‌గమ్ తియ్యటి వాసన వేస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. కార్తీకం ముందు తూర్పుగాలి మొదలైందంటే మరీను. బాగా చదువుకున్న మనిషే, బీకాం ప్యాసయ్యాడు, ఇవన్నీ ఉత్తివని తనకి తాను చెప్పుకుంటాడు. చెప్పుకుని, కార్డు మీద మడత ఉంటే ఉందని రాస్తాడు. ఒక్కసారి కూడా అబద్ధం రాయలేదు. అలా రాస్తే వెనకున్నవాడు చూస్తాడని భయం.

అలాంటిది మొన్న అక్టోబరులో ఒక మధ్యాహ్నం, చేతిలో బుట్టతో ఒక పెద్దావిడ కొట్టు మెట్లెక్కింది. తాతాజీ గుర్తుపట్టి కుర్చీలోంచి లేచాడు. సంపూర్ణమ్మ. బుల్లబ్బాయి వాళ్ళమ్మ.

"పిన్నీ! మీరేంటండి ఇలా... రండి, కూర్చోండి" అని స్టూలు జరిపాడు.

"చించినాడ వంతెన మీదుగా బస్సులొచ్చాక ఎంతసేపు బాబూ. ఇన్నాళ్ళకి కుదిరింది" అంటూ కూర్చుంది. "మీ అమ్మ బాగుందా? ఆవిడకని పొట్టిక్కలు చేసుకొచ్చాను. పనసాకులు మా పెరట్లోవే, ఇడ్లీ పిండి పోసి తెల్లారగట్లే ఆవిరికి పెట్టాను. వెళ్ళేముందు లోపలికెళ్ళి చూసి పోతాను. ముందు నీతో పనుంది."

బుట్టలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. కవర్లో పాత పుస్తకం కాగితం. కాగితంలో కార్డు. ఇరవై రెండు. పై కుడి మూల మీదుగా ఏటవాలుగా మడత.

"ఇలాంటివి చూడ్డంలో నువ్వు గట్టివాడివంట కదా. మా మేనల్లుడు ఫోన్లో నీ వీడియో చూపించాడు. మన తాతాజీయే కదా అనుకున్నాను. రేటు కోసం కాదు నాన్నా, ఒక్క మాట అడగాలి. అది మా ఊళ్ళో ఎవరూ చెప్పలేరు."

"చెప్పండి పిన్నీ."

"మంగళవారం వాడు బడి నుంచి ఏడుస్తూ వచ్చాడు. ఏంట్రా అంటే చెప్పలేదు. బుధవారం పొద్దున్నే గణేష్‌బాబు వాళ్ళమ్మ వచ్చి వీధిలో నిలబడి, మీవాడు మావాణ్ణి మోసం చేయబోయాడంది. వీధంతా విన్నారు. లోపలికొచ్చి కార్డు తీయించి చూశాను. ఇదిగో, ఈ మడత. నీ మీద ఒట్టమ్మా, నేను మడవలేదన్నాడు. కళ్ళెదురుగా మడత పెట్టుకుని నా మీద అబద్ధపు ఒట్టేస్తావా అని లెంప మీద కొట్టాను. గట్టిగా కొట్టాను బాబూ, నాలుగు వేళ్ళూ తేలాయి. అన్నం తినకుండా మా అక్క వాళ్ళింటికి పోయాడు. కోపం తగ్గాక వాడే వస్తాడులే అనుకున్నాను."

తాతాజీకి ఆ రోజు వాడు అక్కడికి ఎందుకు వెళ్ళాడో ఇప్పుడు తెలిసింది.

"నాకు అర్థం కానిది ఏంటంటే" అంది సంపూర్ణమ్మ, కార్డు మీది మడతని బొటనవేలితో మెల్లగా రాస్తూ. "ఒట్టు అబద్ధమైతే పోవలసింది నేను కదా? నేను ఇదిగో, గుండ్రాయిలా ఉన్నాను. వాడు పోయాడేంటి? అంటే వాడు నిజమే చెప్పాడా? మరి ఈ మడత ఎక్కడిది? ఏడాదికోసారి వాడి పుట్టినరోజుకి తీసి చూసుకుంటాను. వాడి చెయ్యి ఆఖరుసారి తగిలిన గుర్తు ఇదొక్కటే నా దగ్గరున్నది. చూసినప్పుడల్లా ఇదే ప్రశ్న. నువ్వు చెప్పు నాన్నా. పుస్తకంలో ఉండగా మడత దానంతటది పడుద్దా?"

తాతాజీ భూతద్దం తీశాడు. చూడక్కర్లేదు, అయినా చూశాడు. మనిషి బరువు మీద పడితే వచ్చిన మడత అది. పీచు తెగి, గీత పొడుగునా తెల్లగా లేచింది. ఆ తెల్లదనం మీద ఏళ్ళ తరబడి ఒక బొటనవేలు తిరిగి తిరిగి నున్నగా మెరుగొచ్చింది. మెడ మీద ఊపిరి తగిలింది. బబుల్‌గమ్ వాసన ఎన్నడూ లేనంత దగ్గరగా వచ్చింది.

ఒక్క మాట చాలు. ఆ మాటతో బుల్లబ్బాయి నిర్దోషి అవుతాడు, ఆవిడ మనసు చల్లబడుతుంది, ఆవిడ మడత ఆవిడకి మిగులుతుంది, తాతాజీ బతికిపోతాడు.

"పడుద్ది పిన్నీ" అన్నాడు. "వానాకాలం చెమ్మకి అట్ట ఉబ్బుద్ది. ఆరేటప్పుడు బిగుసుకుని మడతలా అవుద్ది. నేను చాలా చూశాను."

ఆవిడ మొహం చూడాలి. ఆ మొహంలో ముప్ఫయ్యేళ్ళు వెనక్కిపోయాయి. "నిజంగానా నాన్నా? దానంతటదే?" అంది. ఆ వెంటనే, అనుమానం ఏమీ లేకుండా, మంచి మాట రెండోసారి వినాలన్న ఆశతో అడిగింది. "అమ్మతోడు?"

కర్టెన్ వెనక పాపాయమ్మ దగ్గింది.

తాతాజీ నోరు తెరిచాడు. లోపల అమ్మ రెండోసారి దగ్గింది. సంపూర్ణమ్మ ఇంకా నవ్వుతూనే అతని మొహంలోకి చూస్తోంది.

"లేదు పిన్నీ" అన్నాడు. "దానంతటది పడదు. అది నేను కూర్చుంటే పడిన మడత. అది నా కార్డు. సోమవారం సాయంత్రం వాడు నీళ్ళకి వెళ్ళినప్పుడు నేను మార్చేశాను. వాడిది నా దగ్గరే ఉంది. వాడు అబద్ధం ఆడలేదు. నేనే ఆడాను, మా అమ్మ మీద ఒట్టేసి మరీ ఆడాను."

అంత పెద్ద పాపం ఇన్ని చిన్న మాటల్లో అయిపోయింది. ఎండలో రోడ్డు మీద ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. సంపూర్ణమ్మ ఏడవలేదు. చెయ్యి చాపి "ఏదీ, వాడిది" అంది.

తాతాజీ లోపలికి వెళ్ళి, అమ్మ మంచం పక్క నుంచి బీరువా తెరిచి, చీరల అడుగు నుంచి పెట్టె తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ గోళ్ళతో మూత లాగి తెరిచింది. పొట్టిక్కల బుట్ట మోసిన చెయ్యి, చెమట చెయ్యి. కార్డు మీద పడబోతోంది.

"పిన్నీ, చేత్తో ముట్టుకుంటే..." అలవాటుగా అనేశాడు తాతాజీ.

"నా కొడుకు కార్డు నేను ముట్టుకోకూడదా?"

ఆవిడ కార్డుని అరచేతిలో పెట్టుకుంది. బొటనవేలు తనంతట తానే పై కుడి మూలకి వెళ్ళింది. రాసింది. మళ్ళీ రాసింది. అక్కడేమీ తగల్లేదు.

"నున్నగా ఉంది" అంది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "అయితే నేను కొట్టింది వాడు నిజం చెప్పినందుకన్నమాట."

తాతాజీ బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు. నలభయ్యేళ్ళ మనిషి, కొట్టు తెరిచి ఉండగా, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఊరుకో నాన్నా అంటుందేమోనని మనసులో ఒక మూల ఆశ కూడా పడ్డాడు, ఎందుకు దాచాలి. ఆవిడ అనలేదు.

లేచి నిలబడింది. కొడుకు కార్డుని ఆ పుస్తకం కాగితంలో పెట్టి బొడ్లో దోపుకుంది. మడత కార్డుని బల్ల మీద తాతాజీ వైపు జరిపింది.

"ఇది నీది. ఇన్నేళ్ళూ నేను తడిమి చూసుకున్నాను, నా కొడుకు గుర్తనుకుని. ఇక నువ్వు దాచుకో."

"పిన్నీ..."

"పొట్టిక్కలు మీ అమ్మకి పెట్టు. చల్లారిపోతే బాగోవు."

కర్టెన్ వైపు ఒక్కసారి చూసింది. ఒక అడుగు అటు వేయబోయి ఆగిపోయింది. మెట్లు దిగి, ఎండలో బస్టాండు వైపు వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ బొడ్లో కాగితాన్ని రెండుసార్లు తడుముకోవడం కనిపించింది. తాతాజీ వెనక్కి తిరిగి చూశాడు. కుర్చీ వెనక ఊపిరి లేదు, వాసన లేదు. బుల్లబ్బాయి వాళ్ళమ్మతో వెళ్ళిపోయినట్టున్నాడు. తేలికవుతుందనుకున్నాడు గానీ అవలేదు. బల్ల మీద తన మడత ఉంది, దాని మీద ఆవిడ వేలు తెచ్చిన మెరుగు ఉంది.

"తాతాజీ" అని లోపల నుంచి పిలుపు వచ్చింది. మొహం తుడుచుకుని, బుట్ట పట్టుకుని వెళ్ళాడు. పాపాయమ్మ మంచం మీద లేచి కూర్చుంది. పనసాకుల వాసన తగలగానే ఆవిడ మొహం విచ్చుకుంది.

"మన ఊరివి కదూ? ఎవర్రా వచ్చింది?"

"సంపూర్ణం పిన్ని, అమ్మా" అన్నాడు ఆవిడ చెవి దగ్గర గట్టిగా.

పాపాయమ్మ కర్టెన్ వైపు చూసింది, ఎవరైనా లోపలికి వస్తారేమోనని. ఎవరూ రాలేదు. చేతిలో పొట్టిక్క అలాగే పట్టుకుని కొడుకు మొహంలోకి చూసింది.

"ఇంత దూరం వచ్చి నన్ను పలకరించకుండా పోయిందేంట్రా? నేను దానికేం అన్యాయం చేశాను?"